సారంగధరుడి కాళ్లూ చేతులూ నరికించింది ఎవరు?

దేవరాపల్లి, చోడవరం, మాడుగుల వైపు పెద్దవాళ్ల దగ్గర పాత నాటకాల ఊసెత్తితే మొదట హరిశ్చంద్రుడి కాటిసీను వస్తుంది. ఆ వెంటనే సారంగధర. రాజరాజ నరేంద్రుడు ముసలితనంలో చిత్రాంగిని పెళ్లాడాడు. ఆమె సవతి కొడుకు సారంగధరుడి మీద మనసుపడింది. అతను కాదనడంతో తన మీద చెయ్యి వేశాడని నింద మోపింది. తండ్రి కొడుకు కాళ్లూ చేతులూ తీయించాడు. కథ ఇంతే. దాని చుట్టూ అల్లుకున్న నమ్మకాలు మాత్రం చాలా ఉన్నాయి.

అపోహ: ఇది రాజమండ్రిలో నిజంగా జరిగిన కథ.

అలా అనుకోవడంలో జనం తప్పేమీ లేదు. రాజమహేంద్రవరంలో సారంగధర మెట్ట ఉంది, ఆ పేరుతోనే శివాలయమూ ఉంది. కొండ కళ్ల ముందుంటే కథ అబద్ధమంటే ఎవరు నమ్ముతారు? పైగా రాజరాజ నరేంద్రుడు కల్పిత పాత్ర కాదు. 1022లో పట్టాభిషిక్తుడైన తూర్పు చాళుక్య రాజు, నన్నయ చేత మహాభారతం తెనిగించడం మొదలుపెట్టించినవాడు. 1053 నాటి ఆయన నందంపూడి శాసనాన్ని రాసింది కూడా నన్నయే.

ఆయన శాసనాల్లో సారంగధరుడు లేడు, కథలో అతని తల్లి రత్నాంగి లేదు, చిత్రాంగి లేదు. చరిత్రకు తెలిసిన రాణి అమ్మంగదేవి, రాజేంద్ర చోళుడి కూతురు. వాళ్ల కొడుకు పేరు రాజేంద్రుడు. ఆ కొడుక్కి కాళ్లూ చేతులూ నిక్షేపంగా ఉన్నాయి. 1070లో చోళ సింహాసనమెక్కి, కులోత్తుంగ చోళుడన్న పేరుతో దాదాపు అర్ధ శతాబ్దం ఏలాడు. అతని సేనలు కళింగం మీదికి దండెత్తితే ఆ యుద్ధం మీద తమిళంలో జయంగొండార్ ఏకంగా ఒక కావ్యమే రాశాడు. కులోత్తుంగుడి ఆనవాలు చూడ్డానికి గోదావరి దాకా పోనక్కర్లేదు. సింహాచలం గుడిలో దొరికిన శాసనాల్లో అన్నిటికన్నా పాతది, 1098–99 నాటిది, అతని కాలానిదే. విశాఖపట్నానికి ఒకప్పుడు కులోత్తుంగ చోళ పట్టణమన్న పేరుండేది. ఏటా చందనోత్సవానికి సింహాచలం కొండెక్కే మన జిల్లాల వాళ్లు, రాజరాజ నరేంద్రుడి అసలు కొడుకు కాలం నాటి రాతి అక్షరాల పక్కనుంచే నడిచిపోతున్నారన్నమాట.

మరి కథ రాజరాజ నరేంద్రుడికెలా అంటుకుంది? పదిహేనో శతాబ్దంలో గౌరన రాసిన నవనాథ చరిత్రలో సారంగధరుడు కనిపిస్తాడు. అక్కడతను మాళవ దేశపు రాజకుమారుడు. కాళ్లూ చేతులూ పోగొట్టుకుని, సిద్ధుల దయతో తిరిగి పొంది, తానే సిద్ధుడవుతాడు. తర్వాతి కాలంలో కథ గోదావరి ఒడ్డుకు చేరింది. పదిహేడో శతాబ్దంలో అప్పకవి ఇంకో మెలిక పెట్టాడు: నన్నయ వ్యాకరణాన్ని భీమకవి గోదావరిలో కలిపేస్తే, చిన్నప్పుడే దాన్ని కంఠస్థం చేసిన రాజు కొడుకు సారంగధరుడు దాన్ని మళ్లీ లోకానికిచ్చాడట. అంటే చెయ్యి నరికించుకున్న రాకుమారుడే తెలుగు వ్యాకరణానికి కాపలాదారు! ఈ ముడి పడ్డాక సారంగధరుణ్ని రాజమండ్రి నుంచి విడదీయడం ఎవరి తరమూ కాలేదు.

ఆ రాజుగారింట గొడవ లేదని కాదు, ఉంది. అది ప్రేమ గొడవ కాదు, గద్దె గొడవ. తండ్రి విమలాదిత్యుడికి ఇద్దరు భార్యలు. చోళుల ఆడపడుచు కుందవ్వ కొడుకు రాజరాజు, మేళమ కొడుకు విజయాదిత్యుడు. ఒకరి వెనక చోళులు, ఇంకొకరి వెనక కల్యాణి చాళుక్యులు. సవతి తమ్ముడు అన్నగారి గద్దె లాక్కున్నాడు కూడా. సవతి పోరు నిజమే. నాటకం దాన్ని తమ్ముడి మీంచి తీసి పెళ్లాం మీద పెట్టింది.

అపోహ: అంతా తలరాత. ఆ పావురం ఎగరకపోతే ఏ గొడవా లేదు.

నాటకం చూసినవాళ్లు ఎక్కువగా అనే మాట ఇది. రాజు వేటకు పోయాడు. కుర్రాడు పావురం ఎగరేశాడు. అది పోయిపోయి చిత్రాంగి మేడ మీద వాలింది. మంత్రి కొడుకు సుబుద్ధి వద్దంటూనే ఉన్నాడు, సారంగధరుడు పక్షి కోసం లోపలికి వెళ్లాడు. ఇక్కడ ప్రేక్షకుడు విధిని తిట్టుకుంటాడు.

విధి మాట నిజంగా చెల్లే నాటకం వేరే ఉంది. క్రీస్తుపూర్వం 428లో ఏథెన్సులో యూరిపిడీస్ ఇలాంటి కథనే ఆడించాడు: సవతి తల్లి ఫీడ్రా, కొడుకు హిప్పోలిటస్, నింద, తండ్రి శాపం, కొడుకు చావు. ఆ నాటకం మొదట్లోనే ఆఫ్రొడైట్ దేవత వచ్చి, నన్ను లెక్కచేయని ఈ కుర్రాణ్ని ఇవాళ నాశనం చేస్తానని చెప్పేసి పోతుంది. అక్కడ మనుషులు తప్పించుకోలేరు. సారంగధరలో అలాంటి దేవతెవరూ పగబట్టలేదు. పావురం చేసిందల్లా మేడ మీద వాలడం. ఆ తర్వాత జరిగినవన్నీ మనుషుల పనులే. వాటిలో పెద్దది, తండ్రి కొడుకుని నిలబెట్టి సరిగ్గా ఒక్క మాట అడక్కపోవడం. సాక్షిగా సుబుద్ధి ఉన్నాడు, దాసీలున్నారు. ఎదురుగా ఇన్ని నోళ్లుంటే రాజు ఒక్క నోటి మాటే విని తీర్పు చెప్పాడు. రాత మీదికి నెట్టేస్తే ఎక్కువ లాభపడేది ఆయనే.

అపోహ: చిత్రాంగి పుట్టుకతోనే పాపిష్టిది.

రంగస్థలం మీద, సినిమాల్లో బాగా నలిగిన కథను ఒకసారి జాగ్రత్తగా గమనించాలి. సంబంధం మొదట కొడుకు కోసమే చూశారు. పిల్ల ఆశ పెట్టుకున్నది తనకు చూపిన పటంలోని కుర్రాడి మీద. పెళ్లయ్యాక చూస్తే మొగుడు అతని తండ్రి! ఆమె వేసిన నింద ఘోరమే, దానికి సమర్థన లేదు. కానీ మొదటి మోసం ఆమెది కాదు. 1957 సినిమాలో ఎన్టీఆర్ సారంగధరుడు, ఎస్వీ రంగారావు రాజు, భానుమతి చిత్రాంగి. ఆ వేషానికి భానుమతిని ఎంచుకోవడంలోనే ఆ పాత్ర ఒట్టి దుష్టపాత్ర కాదని తెలిసిపోతుంది. అంతకుముందు నాటకాల్లో స్థానం నరసింహారావు చిత్రాంగిగా పేరు తెచ్చుకున్నాడు.

ఈ కథ మన ఒక్కరి సొత్తు కూడా కాదు. అశోకుడి కొడుకు కునాలుడి కళ్లు పోయింది సవతి తల్లి తిష్యరక్షిత వల్లనని బౌద్ధ కథలు చెబుతాయి. పంజాబులో పూరన్ భగత్, అతని సవతి తల్లి లూనా. అక్కడా అవయవాలు నరికారు, అక్కడా నాథ సిద్ధుడే, గోరఖ్‌నాథుడు, కాపాడాడు. నాథ యోగులు ఊరూరా తిరుగుతూ మోసుకొచ్చిన కథకు ఏ ఊరి రాజు దొరికితే ఆ రాజు పేరు తగిలినట్టుంది.

అపోహ: విషాదాంతం తెలుగువాడికి పడదు, అది ఇంగ్లిషు నాటకం నుంచి అరువు తెచ్చుకున్నది.

సగం నిజం. బళ్లారి వకీలు ధర్మవరం రామకృష్ణమాచార్యులు (1853–1912) ఇంగ్లిషు నాటకం ఎరిగినవాడే. సరస వినోదిని సభ పెట్టి, నాటకం పేరులోనే ‘విషాద సారంగధర’ అని చాటుకున్నాడు. మంగళాంతం కాని నాటకం రాయకూడదన్న సంస్కృత సంప్రదాయానికి అది ఎదురు మాట. అయితే ఆ సంప్రదాయం కూడా అనుకున్నంత గట్టిదేం కాదు. భాసుడిదని చెప్పే ఊరుభంగంలో దుర్యోధనుడు రంగం మీదే ప్రాణం విడుస్తాడు. ఇక ఇంగ్లిషు నాటకం మాటకొస్తే, రోమియో, జూలియెట్లది రెండిళ్ల పగ. ధర్మవరం ఎంచుకున్నది ఒకే ఇంట్లో రగిలిన కథ, అదీ తెలుగువాళ్లు అప్పటికే వందల ఏళ్లుగా చెప్పుకుంటున్నది.

ఇక జనానికి పడకపోవడమా? 1891లో ఈ బళ్లారి బృందం మద్రాసులో ఆడిన నాటకాలు చూసే పమ్మళ్ సంబంద ముదలియార్ తమిళంలో సుగుణ విలాస సభ పెట్టాడు. తమిళ ఆధునిక నాటకానికి పెద్దదిక్కు ఆయనే.

ఈ కథ పట్టు చదువుకున్నవాళ్లనూ వదల్లేదు. నేటి అనకాపల్లి జిల్లాలోని ఎస్. రాయవరంలో 1862లో పుట్టిన గురజాడ అప్పారావు ఇరవయ్యొక్కేళ్ల వయసులో, 1883లో, సారంగధర కథను ఇంగ్లిషు కావ్యంగా రాసి ‘ఇండియన్ లీజర్ అవర్’లో అచ్చువేయించాడు. కలకత్తా పత్రిక ‘రీస్ అండ్ రయ్యత్’ సంపాదకుడు శంభుచంద్ర ముఖర్జీ దాన్ని మెచ్చుకుని, పరాయి భాషలో కాదు, సొంత భాషలో రాయమని సలహా ఇచ్చాడు. 1892లో విజయనగరంలో గురజాడ తెలుగు నాటకం కన్యాశుల్కం ఆడారు. అందులోనూ గొడవంతా ఒక ముసలి పెళ్లికొడుకు దగ్గరే మొదలవుతుంది. ఈసారి మాత్రం లుబ్ధావధాన్లుని చూసి జనం నవ్వారు.