ఏడు ఇష్టాలు, రెండున్నర గంటలు

వీణ నేర్చుకోవాలి. మేడ మీద కూరగాయలు పెంచాలి. కొని పెట్టుకున్న నవలలు చదవాలి. బొమ్మలు వేయాలి, కథలు రాయాలి, ఫొటోగ్రఫీలో చెయ్యి తిరగాలి, ఉర్దూ చదవడం రావాలి. ఇన్ని ఇష్టాలున్న మనిషి ముందుగా వేసుకోవాల్సింది సమయం లెక్క.

వారానికి 168 గంటలు. రోజుకు 8 గంటల నిద్ర తీసేస్తే 112. రాకపోకలతో కలిపి రోజుకు పదిన్నర గంటల చొప్పున ఆరు రోజుల ఉద్యోగానికి 63 పోతాయి. స్నానం, తిండి, సొంత పనులకు రోజుకు రెండున్నర గంటలు. సరుకులు, ఇంటి పనులు, పిల్లల చదువులకు మరో రెండు. చివరికి మిగిలేది వారానికి పదిహేడున్నర గంటలు. సగటున రోజుకు రెండున్నర. ఈ లెక్క వాస్తవానికి మరీ దూరం కాదు. జాతీయ గణాంక కార్యాలయం 2024లో జరిపిన సమయ వినియోగ సర్వే ప్రకారం, ఆరేళ్లు, ఆపై వయసున్నవారు సాంస్కృతిక కార్యక్రమాలు, వినోదం, మీడియా, ఆటలకు రోజుకు సగటున 171 నిమిషాలు ఇస్తున్నారు. టీవీ, ఫోను చూసేదీ అందులోనే.

ఈ రెండున్నర గంటలను ఏడింటికీ సమానంగా పంచితే ఒక్కోదానికి 21 నిమిషాలు. వీణ తీసి శ్రుతి చేసుకుని, నిన్న ఎక్కడ ఆపామో గుర్తు తెచ్చుకునేసరికి పది నిమిషాలు గడిచిపోతాయి. ప్రతి పనికీ అంతే అనుకుంటే 150 నిమిషాల్లో 70 సర్దుకోవడానికే సరి. అదే రెండింటికే పరిమితమైతే పోయేది 20, చేతికి దక్కేది 130. పైగా, ఒక పని మధ్యలో వదిలి ఇంకోదానికి మళ్లితే ధ్యాస కొంత పాత పని దగ్గరే ఉండిపోతుందని పరిశోధకురాలు సోఫీ లెరాయ్ 2009లో ప్రచురించిన పరిశోధన తేల్చింది. కాబట్టి సమయం చాలకపోవడం కంటే దాన్ని ముక్కలు చేసుకోవడమే మనకు ఎక్కువ నష్టం.

మరి అష్టావధానిని చూడండి. చుట్టూ ప్రశ్నలడిగే ఎనిమిది మంది పృచ్ఛకులు. నిషిద్ధాక్షరి వారు అక్షరం అక్షరానికీ అడ్డుపడతారు. సమస్య ఇచ్చినవారికి ఒక పాదం చెప్పి, దత్తపది వైపు తిరుగుతాడు అవధాని. మధ్యలో అప్రస్తుత ప్రసంగి ఏదో అడిగి ధ్యాస చెదరగొట్టాలని చూస్తుంటాడు. ఎనిమిదీ ఏకకాలంలో నడుస్తున్నట్టు కనిపిస్తాయి గానీ, ఒక పృచ్ఛకుడి వంతులో మనసంతా అతని పద్యం మీదే. ఆవృత్తికో పాదం చొప్పున నాలుగు ఆవృత్తుల్లో పద్యం పూర్తవుతుంది. ఆఖర్న ధారణలో పద్యాలన్నీ తిరిగి అప్పగిస్తాడు. వంతులు, ప్రతి పనికీ ఒక ముగింపు, ఎక్కడ ఆపామో గుర్తు: ఈ మూడే మనకూ కావాలి. అంత ధారణాశక్తి అందరికీ ఉండదు గనుక కాగితం వాడుకుందాం. 'రెండో గీతం, మూడో ఆవర్తం దగ్గర వేలు తడబడుతోంది' అని రాసిపెట్టి వీణ దించితే, మర్నాడు నేరుగా అక్కడే మొదలుపెట్టొచ్చు.

ఏ కళకైనా పదివేల గంటలు కావాలన్న మాట విని బెంబేలెత్తక్కర్లేదు. మనస్తత్వ శాస్త్రవేత్త ఎరిక్సన్ బృందం 1993లో ప్రచురించిన పరిశోధనలో, బెర్లిన్ సంగీత విద్యాలయంలోని మేటి వయొలిన్ విద్యార్థులు ఇరవై ఏళ్ల వయసుకు సగటున పోగుచేసుకున్న సాధన అది. వాళ్లు సంగీతమే వృత్తిగా ఎంచుకున్నవాళ్లు. ఇష్టం కోసం నేర్చుకునేవారికి అలవాటు నిలబడటం ముఖ్యం. లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిపా లాలీ బృందం 96 మందిని గమనించింది. కొత్త అలవాటు కుదురుకోవడానికి కొందరికి 18 రోజులు చాలితే, కొందరికి 254 దాకా పట్టొచ్చని అంచనా వేసింది. మధ్యస్థ విలువ 66. ఒక రోజు తప్పినా పెద్ద నష్టమేమీ లేదని కూడా చెప్పింది. అందుకే ఇష్టాల జంటను కనీసం రెండు మూడు నెలల వరకు మార్చకండి. మిగతా ఐదూ వంతు కోసం ఆగుతాయి.

ఉద్యోగం చేస్తూనే ఇష్టాన్ని నిలబెట్టుకున్నవారూ ఉన్నారు. శ్రీపాద పినాకపాణి (1913-2013) కర్నూలు వైద్య కళాశాలలో ఆచార్యుడిగా పనిచేస్తూనే సంగీతాన్ని వదల్లేదు. నేదునూరి కృష్ణమూర్తి, వోలేటి వెంకటేశ్వర్లు వంటి విద్వాంసులు ఆయన శిష్యులు. ఆ వైద్యుడికి 1983లో సంగీత కళానిధి బిరుదు దక్కింది.

అయితే ఆ పదిహేడున్నర గంటలు అందరికీ లేవు. ముందు చెప్పిన సమయ వినియోగ సర్వే ప్రకారమే జీతం లేని ఇంటి పనులకు వాటిని చేసే మహిళలు రోజుకు 289 నిమిషాలు, మగవారు 88 నిమిషాలు వెచ్చిస్తున్నారు. తేడా 201 నిమిషాలు. వారానికి 23 గంటల పైమాటే. మనం అభిరుచులకని లెక్కగట్టిన సమయం కంటే ఇది ఎక్కువ. ఇంట్లోని మహిళకు పాటో, కుట్టుపనో, పుస్తకమో ఇష్టమని తెలిసిన మగవారు ఈ రాత్రి నుంచే గిన్నెలు తోమి వంటిల్లు సర్దే పని తీసుకోండి. రోజుకు 45 నిమిషాలైనా వారానికి ఐదుంపావు గంటలు ఆమె చేతికొస్తాయి.