గేటు ముందు 0.2 సెకన్లు

టోక్యోలో జేఆర్ (జపాన్ రైల్వేస్) స్టేషన్ల గేట్ల మీద కార్డు ఆనించే పలక నడిచొచ్చే మనిషి వైపు కాస్త వాలి ఉంటుంది. ఆ వాలు సుమారు 13 డిగ్రీలు. అది లేకపోతే అక్కడి రైలు ప్రయాణికులు ఆనించే సుయికా కార్డు ప్రయోగాల దశలోనే మూలన పడేదని నా అనుమానం.

1990ల్లో అక్కడి గేట్లు అయస్కాంత పూత ఉన్న టికెట్లను మింగి, లోపల బెల్టుల మీద పరుగెత్తించి, అవతలి వైపు బయటపెట్టేవి. బెల్టులు అరిగేవి, రోలర్లకు దుమ్ము పట్టేది, టికెట్లు ఇరుక్కునేవి. లోపలికి పోకుండానే చదవగల కార్డుంటే ఈ బాధలన్నీ తప్పుతాయని ఈస్ట్ జపాన్ రైల్వే ఇంజినీరు అకియో షీబాషి పట్టుబట్టాడు. సోనీ కంపెనీ 1988 నుంచే ఫెలికా అనే చిప్పు మీద పనిచేస్తోంది. అది మొదట పార్సిళ్లను వేరుచేయడానికి అనుకున్నది, చివరికి సుయికా కార్డులోకి చేరింది.

కార్డు లోపల ఒక సన్నని తీగచుట్ట, దానికి అతికిన చిప్పు, అంతే. బ్యాటరీ ఉండదు. రీడరు సెకనుకు 1.356 కోట్ల సార్లు కంపించే అయస్కాంత క్షేత్రాన్ని పుట్టిస్తుంది. ఆ క్షేత్రంలోకి రాగానే తీగచుట్టలో కరెంటు పుట్టి చిప్పు మేల్కొంటుంది. ఫారడే 1831లో కనిపెట్టిన సూత్రమే ఇది. చిక్కంతా టైముతోనే. రద్దీ వేళ ఒక్కో గేటు నిమిషానికి 60 మందిని పంపాలి. నడుస్తున్న మనిషి చేతిలోని కార్డు పలక మీద ఉండేది 0.2 సెకన్లు. ఆ లోపలే కార్డు అసలుదో కాదో తేల్చాలి, బ్యాలెన్స్ చదవాలి, ఛార్జీ లెక్కగట్టి తీసేయాలి, మిగిలింది రాసి, సరిగ్గా రాసిందో లేదో చూసుకోవాలి.

చిప్పు ఈ పనంతా 0.1 సెకనులో ముగించేది. మనుషులతోనే వచ్చింది తంటా. డిజైనర్ షున్‌జీ యమనాకా నమూనా గేట్లు పెట్టి జనాన్ని నడిపించి చూస్తే, దాదాపు సగం మంది దాటలేకపోయారు. ఒకరు కార్డును నిలువుగా చూపించారు, ఇంకొకరు గాల్లో గబగబా ఊపారు. ఎక్కడ పెట్టాలో, ఎంతసేపు పెట్టాలో ఎవరికీ అంతుపట్టలేదు. బోర్డులు రాసిపెట్టడం తేలికే, కానీ రైలు వదిలిపోతుంటే ఎవరు చదువుతారు? యమనాకా పలకను మనిషి వైపు వాల్చి, దానికి వెలుగు పెట్టాడు. చెయ్యి దానంతటదే అటు వెళ్లింది. నిజానికి పలకకు 10 సెంటీమీటర్ల దూరంలో ఉన్నా కార్డు పనిచేస్తుంది. అయినా జనానికి మాత్రం ‘తాకించి వెళ్లండి’ అనే చెప్పారు. తాకించమంటే ఆ చెయ్యి రెప్పపాటు ఆగుతుంది, రీడరుకు కావలసిందీ అదే.

ఛార్జీ లెక్కకూ మొదట్లో ఒక కిటుకు పెట్టారు. నెలవారీ పాసున్న మనిషి పాసు హద్దు దాటి ప్రయాణిస్తే లెక్క పెద్దదవుతుంది. అందుకే ఎక్కే స్టేషన్ గేటే సగం లెక్క చేసి కార్డులో రాసి పంపేది, దిగే గేటు మిగతా సగం పూర్తిచేసేది. ఎక్కడో ఉన్న కంప్యూటర్‌ను అడిగి జవాబు కోసం నిలబడే పని ఉండేది కాదు. డబ్బు లెక్క కార్డులోనే ఉంటుంది, తీర్పు గేటు దగ్గరే జరిగిపోయేది.

అదే ఫెలికా చిప్పు సుయికా కన్నా ముందే హాంకాంగ్‌లో బతుకు మొదలుపెట్టింది. 1997 సెప్టెంబరు 1న వచ్చిన ఆక్టోపస్ కార్డుతో రైళ్లు, బస్సులు, పడవలు ఎక్కారు. మూడు నెలల్లో 30 లక్షల కార్డులు జనం చేతుల్లోకి వెళ్లాయి. సుయికా 2001 నవంబరు 18న 424 స్టేషన్లలో మొదలైంది.

మన హైదరాబాద్ మెట్రో 2017 నవంబరులో కార్డులతో సహా వచ్చింది. చిప్పు జాతి వేరు, రీడరు క్షేత్రం వేగం మాత్రం అదే. సాయంత్రం అమీర్‌పేట గేట్ల దగ్గర చూడండి, పర్సు తెరవకుండానే పలక మీద మోపేవాళ్లు కనిపిస్తారు. పర్సులో ఇంకో కాంటాక్ట్‌లెస్ కార్డు ఉంటే రెండూ ఒకేసారి జవాబిస్తాయి, గేటు తికమకపడుతుంది, వెనకవాళ్లు విసుక్కుంటారు.

అలా ఎవరినీ అడగని టోక్యో గేట్లు ఒక్కటి మాత్రం బయటినుంచి తెచ్చుకునేవి: పోయిన, చెల్లని కార్డుల జాబితా. 2007 అక్టోబరు 12 తెల్లవారుజామున ఆ జాబితా పరిమాణం గేట్ల ప్రోగ్రాంలోని ఒక లోపానికి సరిగ్గా తగిలింది. 4 వేలకు పైగా గేట్లు లేవనే లేదు. 26 లక్షల మందిని ఊరికే వదిలేయాల్సి వచ్చింది.

2024 డిసెంబరులో ఈస్ట్ జపాన్ రైల్వే కొత్త ప్రణాళిక చెప్పింది. పదేళ్లలో డబ్బు లెక్కను కార్డులోంచి తీసి కేంద్ర సర్వర్‌కు మారుస్తారట, ఏమీ తాకించకుండా నడిచిపోయే గేట్లూ వస్తాయట. నాకు ఆ గేట్ల కన్నా వాటి వెనక ఉండబోయే సర్వర్ మీదే ఆసక్తి. అది పలకని రోజున గేటు తలుపు తెరిచి ఉంచాలా, మూసి ఉంచాలా అన్నది ఇంజినీర్లు ముందుగానే తేల్చుకోవాలి.