వేటగాడూ, తేలూ, జ్యేష్ఠా నక్షత్రమూ

చైత్రమాసం ముగియవస్తున్న రోజులు. అమావాస్య దగ్గరపడింది. భోపాల్‌పట్నం పొలిమేరలో, ఇప్పపూల వాసన ఇంకా వీడని పెరట్లో, నులకమంచం మీద వెల్లకిలా పడుకొని ఉన్నాను. ఈ ఊరు ఛత్తీస్‌గఢ్‌లో బీజాపూర్ జిల్లాకు చెందినదైనా ఇంటింటా తెలుగు వినిపిస్తుంది. వీధిలో గోండీ, కచేరీలో హిందీ. కొంత దూరంలో భద్రకాళి దగ్గర ఇంద్రావతి గోదావరిలో కలుస్తుంది. నదులు కలిసేచోట భాషలు కలవడంలో వింత ఏముంది?

నేను ఆ ఇంటికి అతిథిని. వరుసకు అన్నయ్య అయ్యే ఆయన ఆ సాయంత్రమంతా ముభావంగా ఉన్నారు. కారణం వదినగారు చెప్పారు. కూతురికి కుదిరిందనుకున్న సంబంధం తప్పిపోయింది. అమ్మాయిది జ్యేష్ఠా నక్షత్రం. ఆ నక్షత్రంలో పుట్టిన పిల్ల అత్తింట అడుగుపెడితే బావగారికి అరిష్టమని ఒక నమ్మకం. వరుడికి అన్నగారున్నారు. మాట అక్కడితో ఆగిపోయింది.

రాత్రి తొమ్మిది గంటలకు ఆ అమ్మాయి చెంబుతో మంచినీళ్ళు తెచ్చి నా మంచం పక్కన పెట్టింది. వెళ్ళబోతూ ఆగి అడిగింది: "బాబాయ్, మీరు గ్రీకు కథలు తెలుగులోకి రాస్తున్నారట కదా. నా నక్షత్రం ఎక్కడుంటుందో చూపిస్తారా?"

ఆగ్నేయ దిక్కున, చెట్ల తలల మీదుగా, ఎర్రని చుక్క ఒకటి అప్పుడే పైకి వస్తున్నది. "అదే" అన్నాను. పడమటి దిక్కున అదే సమయానికి మృగవ్యాధుడైన ఒరాయన్ పాదం దిగంతంలోకి జారిపోతున్నది.

ఈ రెండింటినీ ఒకేసారి చూసిన గ్రీకులు ఒక కథ అల్లుకున్నారు. ఒరాయన్ మహా వేటగాడు. భూమి మీద మృగమన్నది లేకుండా చేస్తానని బీరాలు పలికాడు. భూదేవి కోపించి ఒక తేలును పంపింది. అది కుట్టి అతణ్ణి చంపింది. ఇద్దరినీ ఆకాశంలో నిలిపారు కాని, ఎదురెదురుగా నిలిపారు. తేలు ఉదయిస్తే వేటగాడు అస్తమిస్తాడు. క్రీ.పూ. 3వ శతాబ్దపు కవి అరాటస్ తన ఖగోళకావ్యంలో ఈ పలాయనాన్ని వర్ణించాడు. అయితే అతని కథలో తేలును పంపింది ఆర్టెమిస్ దేవి. కథలో కర్త మారినా ఆకాశంలోని దృశ్యం మారలేదు.

మిగిలిన రాశులకూ ఇలాంటి కథలే ఉన్నాయి. మేషం, ఫ్రిక్సస్ అనే బాలుణ్ణి సవతితల్లి కుట్రనుంచి తప్పించి ఆకాశమార్గాన మోసుకుపోయిన బంగారు పొట్టేలు. వృషభం, యూరోపాను వీపుమీద ఎక్కించుకొని సముద్రం దాటిన జ్యూస్. మిథునం, మరణంలోనూ విడిపోలేని కాస్టర్, పాలిడ్యూసెస్ సోదరులు. కర్కటకం, సింహం రెండూ హెరాక్లీస్ చేతిలో చచ్చినవే. తుల మాత్రం మొదట తుల కాదు. గ్రీకులకు అది తేలు కొండి ఎత్తినప్పుడు ముందుకు చాచిన రెండు పట్టకారు చేతులు. తరువాత రోమనులు దానిని త్రాసుగా స్థిరపరిచారు. ఈనాటికీ ఆ రాశిలోని రెండు ప్రధాన తారల అరబ్బీ పేర్లకు "దక్షిణపు పట్టు", "ఉత్తరపు పట్టు" అనే అర్థం.

అయితే కథలు గ్రీకులవైనా బొమ్మలన్నీ వారివి కావు. తేలు, ఎద్దు, మేక తలా చేప తోకా గల మకరం అంతకుముందే బాబిలోనియా వారి మట్టిపలకల మీద ఉన్నాయి. సూర్యమార్గాన్ని సమానంగా పన్నెండు భాగాలు చేసి, ఒక్కొక్క దానికి ముప్ఫై అంశలు కేటాయించినదీ వారే, క్రీ.పూ. 5వ శతాబ్ది ప్రాంతంలో. గ్రీకులు ఆ బొమ్మలు తీసుకొని కథలు చేర్చారు. క్రీ.శ. 150 ప్రాంతంలో టాలెమీ 48 నక్షత్రమండలాల పట్టిక రచించాడు.

ఆ పన్నెండు రాశులే మనకూ వచ్చాయి. అనువాదకుడినైన నాకు అన్నిటికన్న ముచ్చట గొలిపే సంగతి ఇది. 6వ శతాబ్దంలో వరాహమిహిరుడు బృహజ్జాతకంలో రాశులకు మరో వరుస పేర్లు చెప్పాడు: మేషానికి క్రియ, వృషభానికి తావురి, సింహానికి లేయ, కన్యకు పాథోన, వృశ్చికానికి కౌర్ప్య. అవి గ్రీకు క్రియోస్, టారోస్, లియోన్, పార్థెనోస్, స్కార్పియోస్‌లకు సంస్కృత వేషాలు. మనం నిత్యం వాడే "కేంద్రం" అనే మాట కూడా గ్రీకు "కెంట్రోన్" నుంచి వచ్చినదే. పేరు తెలియని అనువాదకులెవరో పదిహేను వందల ఏళ్ళకు పూర్వమే నా పని చేసి వెళ్ళారు!

కాని ఇరవై ఏడు నక్షత్రాలు మాత్రం మనవి, అంతకన్న ప్రాచీనమైనవి. అందుకే అనూరాధ, జ్యేష్ఠ, మూల అనే మన చుక్కలు మూడూ ఆ యవనుల తేలు ఒంటిమీదే ఉన్నాయి. జ్యేష్ఠ ఆ తేలు గుండె. గ్రీకులు దానికి అంటారీస్, అంటే అంగారకుడికి పోటీదారు, అని పేరు పెట్టారు. ఎరుపులో రెండూ ఒకటే.

రాశికీ, ఆకాశంలో కనిపించే బొమ్మకూ ఉన్న తేడా చాలామందికి తెలియదు. రాశులన్నీ ముప్ఫైయేసి అంశలు; బొమ్మలు మాత్రం చిన్నవీ పెద్దవీ. అంతర్జాతీయ ఖగోళ సమాఖ్య 1930లో స్థిరపరచిన సరిహద్దుల ప్రకారం సూర్యుడు కన్య బొమ్మలో సుమారు 45 రోజులుంటాడు. వృశ్చికంలో ఉండేది ఒక వారమే. ఆపైన పన్నెండింటిలో లెక్కకు రాని సర్పధారి మండలంలో 18 రోజులు గడుపుతాడు.

మరొక చిక్కు కూడా ఉంది. భూమి తన అక్షం మీద బొంగరంలా మెల్లగా ఊగుతుంది. ఒక ఊపు పూర్తి కావడానికి సుమారు 25,800 సంవత్సరాలు. క్రీ.పూ. 2వ శతాబ్దంలో దీనిని హిప్పార్కస్ గమనించాడు. ఫలితంగా విషువత్తు 72 ఏళ్ళకు ఒక అంశ చొప్పున వెనక్కి జరుగుతుంది. సూర్యుడు ఉత్తరానికి మళ్ళేది డిసెంబరు 21, 22 తేదీలలో. మనం మకర సంక్రాంతి చేసుకునేది జనవరి 14, 15 తేదీలలో. సుమారు పదిహేడు వందల ఏళ్ళ కిందట ఈ రెండూ కలిసి ఉండేవి. ఈనాడు సంక్రాంతి ముగ్గులు వేసే వేళ సూర్యుడు ఆకాశంలో ధనుస్సు బొమ్మ ముందే ఉంటాడు!

ఇదంతా ఆ పిల్లకు కొంత చెప్పాను, కొంత చెప్పలేదు. ఆమె ఉత్తరం వైపు చూపించి, "మాకు అది మంచం" అంది. సప్తర్షులు! నాలుగు చుక్కలు మంచం కోళ్ళు, వెనక మూడు చుక్కలు ఆ మంచాన్ని ఎత్తుకుపోవడానికి వచ్చిన దొంగలు. గోండుల ఖగోళజ్ఞానంపై మయాంక్ వాహియా, గణేశ్ హల్కారే 2013లో వెలువరించిన అధ్యయనంలోనూ ఈ ముసలమ్మ మంచం కథ ఉంది. గ్రీకులకు ఎలుగుబంటి, మనకు ఋషులు, అడవిలో మంచం. చుక్కలు ఏడే.

మన తెలుగునేల మీద ఆ తేలును కేవలం కొలతల కోసం చూసినవారూ ఉన్నారు. 1901లో నవాబ్ జఫర్ జంగ్ హైదరాబాదులో నిజామియా వేధశాలను స్థాపించారు. ప్రపంచ వేధశాలలు పంచుకున్న ఆకాశ ఛాయాచిత్ర పథకంలో దక్షిణ క్రాంతి 17 నుంచి 23 అంశల వరకు ఉన్న పట్టీ దాని వంతు. తేలు తల ఆ పట్టీలోనే ఉంది. ఏళ్ళ తరబడి, రాత్రి తరువాత రాత్రి, అక్కడివారు లక్షల తారల స్థానాలను కొలిచి ముద్రించారు. ఆ పట్టికల్లో శుభాశుభాలకు గడి లేదు.

నిద్ర రాక రెండున్నరకు లేచి చూస్తే తేలు దక్షిణాన సగం ఎత్తుకు వచ్చి, తోక కొండితో సహా పూర్తిగా విచ్చుకొని ఉంది. ఏథెన్సులో ఆ తోక దిగంతాన్ని రాసుకుంటూ పోతుంది. ఆ కథ చెప్పినవారికన్న భోపాల్‌పట్నం వారే తేలును బాగా చూడగలరు.

తెల్లవారి ఆ అమ్మాయి కాఫీ ఇస్తూ మెల్లగా అడిగింది: "ఆ చుక్కకు నా మీద ఏమైనా కోపమా, బాబాయ్?"

"అమ్మా, జ్యేష్ఠ వెడల్పు మన సూర్యుడి కన్న ఏడు వందల రెట్లు. నిన్న రాత్రి మనం చూసిన వెలుగు అక్కడ బయలుదేరి సుమారు ఐదు వందల యాభై ఏళ్ళయింది. అప్పటికి నువ్వూ లేవు, ఆ పెళ్ళివారూ లేరు, వాళ్ళ పెద్దబ్బాయీ లేడు. ఎవరి మీద కోపంతో బయలుదేరి ఉంటుంది?"

ఆమె నవ్వింది. వాకిట్లో పళ్ళు తోముకుంటున్న అన్నయ్య ఈ మాట విన్నారు. ఏమీ అనలేదు. కాని బస్సు దగ్గర నన్ను దిగబెడుతూ, "వచ్చే సంబంధం వాళ్ళకు జాతకం ముందుగా చూపించను. పిల్లను చూపిస్తాను" అన్నారు.