పరికల్పన పరీక్ష

పరికల్పన పరీక్ష గణాంక శాస్త్రంలో ఒక ముఖ్యమైన పద్ధతి. పరిశోధనలో రెండు సమూహాల మధ్య కనిపించిన తేడా నిజమైనదా, లేక కాకతాళీయంగా ఏర్పడినదా అని నిర్ణయించడానికి దీనిని ఉపయోగిస్తారు. జనాభా మొత్తాన్ని పరిశీలించడం సాధారణంగా సాధ్యం కాదు కనుక కొద్దిమందిని నమూనాగా తీసుకుంటారు. ఏ రెండు నమూనాలూ అచ్చుగుద్దినట్లు ఒకేలా ఉండవు. కాబట్టి తేడా కనిపించడంలో వింత లేదు. ఎంత తేడా ఉంటే దానిని లెక్కలోకి తీసుకోవాలన్నదే ప్రశ్న.

శూన్య పరికల్పన

పరీక్ష "తేడా ఏమీ లేదు" అనే ఊహతో మొదలవుతుంది. దీనిని శూన్య పరికల్పన అంటారు. తేడా ఉందనేది ప్రత్యామ్నాయ పరికల్పన. శూన్య పరికల్పన నిజమే అనుకుంటే, ప్రయోగంలో వచ్చినంత తేడా గాని, అంతకు మించిన తేడా గాని రావడానికి గల సంభావ్యతను పి-విలువ అంటారు. ఇది ముందుగా నిర్ణయించుకున్న సార్థకతా స్థాయి కంటే తక్కువైతే శూన్య పరికల్పనను తిరస్కరిస్తారు. సార్థకతా స్థాయిగా 5 శాతాన్ని తీసుకోవడం రోనాల్డ్ ఫిషర్ 1925లో వెలువరించిన పుస్తకంతో వాడుకలో స్థిరపడింది. ఇది సౌలభ్యం కోసం ఏర్పడిన ఆనవాయితీయే కాని ప్రకృతి నియమం కాదు.

తేనీటి ప్రయోగం

ఫిషర్ 1935లో ఇచ్చిన ఉదాహరణ ప్రసిద్ధమైనది. కప్పులో ముందు పాలు పోశారో, ముందు టీ పోశారో రుచి చూసి చెప్పగలనని ఒక మహిళ అంటుంది. ఆమెకు 8 కప్పులు ఇస్తారు. వాటిలో నాలుగింటిలో ముందుగా పాలు పోస్తారు. ఎనిమిదింటి నుండి నాలుగింటిని 70 విధాలుగా ఎంచుకోవచ్చు. ఊరికే ఊహించి చెప్పినా అన్నీ సరిపోయే అవకాశం 70లో 1, అంటే సుమారు 1.4 శాతం. కనీసం మూడింటిని సరిగా గుర్తించే అవకాశం 70లో 17, అంటే సుమారు 24 శాతం. కనుక ఒక్క జత తప్పినా ఆమె మాటను నమ్మడానికి ఆధారం చాలదు.

క్షయవ్యాధి మందు

1948లో బ్రిటిష్ మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ స్ట్రెప్టోమైసిన్ ప్రయోగ ఫలితాలను ప్రకటించింది. 107 మంది క్షయ రోగులలో ఎవరికి మందు ఇవ్వాలో యాదృచ్ఛికంగా నిర్ణయించారు. ఆరు నెలలలో మందు పొందిన 55 మందిలో 4గురు, మంచంపై విశ్రాంతి మాత్రమే పొందిన 52 మందిలో 14గురు మరణించారు. ఇంత తేడా కాకతాళీయంగా వచ్చే సంభావ్యత నూటికి ఒకటి కంటే తక్కువ. అయితే ఐదేళ్ళు గడిచేసరికి మరణాలు వరుసగా 32, 35కు చేరాయి. క్షయ క్రిములు మందుకు లొంగని శక్తిని సంతరించుకోవడం ఇందుకు ప్రధాన కారణం. మొదటి లెక్క తప్పు కాదు. అది ఆరు నెలల ప్రశ్నకు మాత్రమే సమాధానం.

రెండు రకాల దోషాలు

నిజానికి లేని తేడాను ఉన్నదనుకోవడం మొదటి రకం దోషం, ఉన్న తేడాను గుర్తించలేకపోవడం రెండవ రకం దోషం. జెర్జీ నేమన్, ఈగన్ పియర్సన్ ఈ విభజనను ప్రవేశపెట్టారు. నమూనా చిన్నదైతే రెండవ దోషానికి అవకాశం పెరుగుతుంది. అందుచేత "సార్థకమైన తేడా కనబడలేదు" అంటే "తేడా లేదు" అని అర్థం కాదు. పరిశోధకులు కూడా తరచు పొరబడే విషయమిది.

తెలుగువారి కృషి

ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన సి.ఆర్.రావు (1920-2023) కేంబ్రిడ్జిలో ఫిషర్ వద్ద పరిశోధన చేశారు. ఆయన 1948లో ప్రతిపాదించిన పరీక్ష "రావు స్కోర్ పరీక్ష"గా పేరొందింది. ఆర్థికమితి శాస్త్రంలో దీనిని లెగ్రాంజ్ గుణక పరీక్ష అనే పేరుతో వాడుతున్నారు.