తుంగభద్ర బోర్డు: పొరుగు ప్రభుత్వాల ఉమ్మడి బాధ్యత

కర్నూలు పట్టణానికి హంద్రీ అవతల ఆనుకొని ఉన్న కల్లూరు ప్రాంతం మీదుగా కె.సి. కాలువ సాగిపోతుంది. ఈ కాలువ నీరు ఏ ఒక్క ప్రభుత్వం చేతిలోనూ లేదు. ఎగువన నీటిని నిలువ చేసే తుంగభద్ర జలాశయం కర్ణాటకలో ఉన్నది. కాలువ క్రింది పొలాలు ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నవి. అదే జలాశయంలో తెలంగాణకూ వాటా ఉన్నది. పొరుగు ప్రభుత్వాలు ఒక ఉమ్మడి సంస్థ ద్వారా ఎట్లా సహకరించుకొంటాయి, ఆ సహకారం ఎంతవరకు పనిచేస్తుంది అనే ప్రశ్నకు జవాబు వెదకాలంటే దూరదేశాలకు పోనవసరం లేదు. మన తుంగభద్ర బోర్డును పరిశీలిస్తే చాలు.

బోర్డు ఎందుకు ఏర్పడింది?

తుంగభద్ర ప్రాజెక్టు మద్రాసు, హైదరాబాదు ప్రభుత్వాలు కలసి తలపెట్టిన పని. 1944లో ఒప్పందం కుదిరింది; 1945లో హోస్పేట వద్ద పునాది పడింది. 1953లో నీరు నిలిచేనాటికి సరిహద్దులే మారిపోయినవి. ఆ సంవత్సరం అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్రరాష్ట్రం అవతరించింది. బళ్లారి జిల్లాలోని ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు వచ్చినవి. హోస్పేట మైసూరుకు పోయింది. 1956లో రాయచూరు జిల్లా కూడా మైసూరులో చేరడంతో ఆనకట్ట యావత్తు అటువైపే ఉండిపోయింది.

కట్టినవారు ఒకరు, పుచ్చుకొన్నవారు మరొకరు అయినప్పుడు తగవు రాకుండా ఉండదు. అందువలన ఆంధ్రరాష్ట్ర చట్టం 66వ సెక్షను క్రింద కేంద్రప్రభుత్వం ఈ బోర్డును నెలకొల్పింది. అధ్యక్షుని కేంద్రం నియమిస్తుంది. రాష్ట్రాల ప్రతినిధులు సభ్యులుగా ఉంటారు. ఖర్చులు రాష్ట్రాలే భరిస్తాయి. 2014లో తెలంగాణ ఏర్పడిన తరువాత ఆ రాష్ట్రానికీ ఇందులో స్థానం లభించింది.

పంపకం ఎట్లా జరుగుతుంది?

బచావత్ ట్రిబ్యునల్ 1976లో ముగించిన తీర్పు ఈ పంపకానికి ఆధారం. ఆవిరి నష్టంతో కలిపి జలాశయం నుండి 230 టి.ఎం.సి.ల వినియోగాన్ని లెక్కగట్టారు. నేటి లెక్కలో కర్ణాటక వాటా 151.49, ఆంధ్రప్రదేశ్ వాటా 72, తెలంగాణ వాటా 6.51. ఆంధ్ర వాటాలో నుండే ఎగువ కాలువ ద్వారా అనంతపురం, కడప ప్రాంతాలకు, దిగువ కాలువ ద్వారా ఆదోని, ఆలూరు ప్రాంతాలకు నీరు పోవాలి. కె.సి. కాలువకు కేటాయించిన 39.9 టి.ఎం.సి.లలో 10 మాత్రమే జలాశయం నుండి వస్తుంది. మిగిలినది నదీ ప్రవాహం మీద ఆధారపడి ఉంటుంది.

ఏటా వానకాలం ఆరంభంలో బోర్డు రాబోయే నీటిని అంచనా వేసి పంపకపు పట్టిక తయారుచేస్తుంది. వరద హెచ్చుతగ్గులను బట్టి దానిని సవరిస్తుంది. ఒక సంవత్సరం సగమే, అనగా 115 టి.ఎం.సి.లే వస్తాయనుకొందాం. అప్పుడు కర్ణాటకకు సుమారు 75.75, ఆంధ్రకు 36, తెలంగాణకు సుమారు 3.25 చొప్పున వస్తుంది. కలిమిని పంచుకోవడం సులభమే. లేమిని కూడా అదే నిష్పత్తిలో పంచుకోవడమే ఈ ఏర్పాటుకు ప్రాణం.

ఎక్కడ ఆగిపోతుంది?

దిగువ కాలువ మొదటి 250 కిలోమీటర్లు దాదాపు కర్ణాటకలోనే సాగుతుంది. ఆనకట్ట వద్ద వదిలిన నీరు సరిహద్దుకు చేరేసరికి తగ్గిపోతున్నదనీ, దారిలో అనుమతి లేకుండా తోడుకొంటున్నారనీ కర్నూలు రైతుల చిరకాల ఫిర్యాదు. బోర్డు నీటిని కొలవగలదు. కాని మోటార్లను, పైపులను తొలగించాలంటే స్థానిక పోలీసు, రెవెన్యూ యంత్రాంగం కదలాలి. అది బోర్డుది కాదు, రాష్ట్రప్రభుత్వానిది.

రెండవ చిక్కు పూడిక. మొదట సుమారు 133 టి.ఎం.సి.లు పట్టిన జలాశయం ఇప్పుడు సుమారు 105కే పరిమితమైనది. ఈ లోటు తీర్చుకొనేందుకు కర్ణాటక నవలి వద్ద మరొక జలాశయం కావాలంటున్నది. ఆంధ్ర ఎగువ కాలువకు సమాంతరంగా మరొక కాలువ కావాలంటున్నది. అందరి అంగీకారం లేక రెండూ నిలిచి ఉన్నవి.

మూడవది నిర్వహణ. 2024 ఆగస్టు 10 రాత్రి 33 గేట్లలో 19వది గొలుసు తెగి కొట్టుకొనిపోయింది. వారం రోజుల్లో తాత్కాలిక పలకలు దించి నీటిని నిలబెట్టగలిగారు. ఆపదలో అందరూ ఒక్కటైనారు. కాని ఉమ్మడి ఆస్తికి ముందుజాగ్రత్త ఖర్చు ఎవరు, ఎప్పుడు పెట్టాలి అనే ప్రశ్న ఆ రాత్రితోనే బయటపడింది.

మరొక ఉదాహరణ

పశ్చిమాఫ్రికాలో మాలి, మారిటానియా, సెనెగల్ దేశాలు 1972లో సెనెగల్ నదికి ఉమ్మడి సంస్థను ఏర్పరచుకొన్నవి. 2006లో గినియా చేరింది. అక్కడి మనంతాలి ఆనకట్ట మాలి భూభాగంలో ఉన్నా అది సభ్యదేశాల ఉమ్మడి ఆస్తి అని ఒడంబడికలోనే వ్రాసుకొన్నారు. 1989లో సెనెగల్, మారిటానియాల మధ్య దౌత్యసంబంధాలు తెగిపోయినప్పుడు కూడా ఆ సంస్థ నిలిచింది.

ఈ రెండింటి నుండి గ్రహించవలసినది ఒకటే. ఇటువంటి సంస్థను నిలబెట్టేది పాలకుల స్నేహం కాదు; అందరూ ఒప్పుకొన్న కొలత. ఆనకట్ట వద్ద ఎంత వదిలారు, సరిహద్దు వద్ద ఎంత అందింది అనే రెండు అంకెలు ప్రతిదినం రైతుకు తెలిసేటట్లు ప్రకటించి, తేడాకు జవాబు చెప్పే బాధ్యతను ఒకరిపై ఉంచినప్పుడే కాలువ చివరి పొలానికి బోర్డు పట్ల నమ్మకం కలుగుతుంది.