మీ పాత కారు ఆయిల్ తాగేస్తోందా?

మామగారు మోజుపడి కొన్న అంబాసిడర్, నాన్నగారు ప్రాణంగా చూసుకున్న ప్రీమియర్ పద్మిని... గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ వైపు ఏ ఇంట్లో ఇలాంటి కారున్నా అది ఇంటి మనిషితో సమానమే. పద్మిని తయారీ ఎప్పుడో ఆగింది. అంబాసిడర్‌దీ 2014లో ఆగిపోయింది. అందుకే "ఆయిల్ తాగుతోందమ్మా, ఇంజను బోరుకొచ్చింది" అని మెకానిక్ అనగానే గుండె గుభేలుమంటుంది. కంగారు పడకండి. ఆయిల్ పోయే దారులు ముఖ్యంగా రెండు: బయటికి కారడం, లోపల కాలిపోవడం. ఏదో తేలాకే ఖర్చు సంగతి!

ముందు లెక్క రాయండి

ఉదయం ఇంజను చల్లగా ఉన్నప్పుడు, బండిని సమంగా ఉన్న చోట నిలిపి గేజ్ చూడండి. తేదీ, కిలోమీటర్లు, పోసిన ఆయిల్ పాలలెక్కలా రాసుకోండి. పై గీత దాటి పోయొద్దు. కింది గీత కంటే తగ్గితే బండి తీయొద్దు. ఆయిల్ లేక బేరింగులు పట్టేస్తే అప్పుడు నిజంగానే ఇంజను పోతుంది.

కారుతోందా?

రాత్రి కారు కింద అట్ట పరచండి. తెల్లారేసరికి మరకలు కనిపిస్తే పైన ట్యాపెట్ కవర్ ప్యాకింగ్, కింద చాంబర్ ప్యాకింగ్ చూపించండి. బోల్టులు మరీ బిగిస్తే రేకు వంగి ఇంకా కారుతుంది. బ్రీదర్ పైపు శుభ్రం చేయించడం మరవొద్దు. కుక్కర్ వెయిట్ రంధ్రం మూసుకుపోతే ఆవిరి పక్కల నుంచి తన్నుకొచ్చినట్టే, ఇంజనులో ఒత్తిడి ఆయిల్‌ను బయటికి నెడుతుంది.

కాలుతోందా?

సైలెన్సర్ నుంచి నీలిపొగ వస్తే ఆయిల్ కాలుతున్నట్టు. పొద్దున స్టార్ట్ చేయగానే గుప్పుమని వచ్చి తగ్గిపోతే వాల్వు సీళ్లు, గైడ్ల మీద అనుమానం. ఎత్తు ఎక్కుతున్నంతసేపూ వస్తే రింగుల మీద. కంప్రెషన్ చూపించండి. తక్కువగా ఉంటే ప్లగ్గు రంధ్రంలో చెంచాడు ఆయిల్ పోసి మళ్లీ చూడమనండి. రీడింగ్ బాగా పెరిగితే రింగులో, బోరో అరిగినట్టు. పెరగకపోతే వాల్వుల వైపు వెతకాలి.

గేజ్ మీద ఆయిల్ మజ్జిగలా తెల్లబడితే మాత్రం బండి కదపకండి. హెడ్ ప్యాకింగ్ పోయి నీళ్లు కలుస్తుండొచ్చు.

ఈ పరీక్షలన్నీ అయ్యాకే బోరు మాట. అంచు చిరిగిందని గద్వాల చీర పారేస్తామా ఏమిటి!