నీలి కాంతి – బంతిపూల సారం

సెల్‌ఫోన్, కంప్యూటరు తెరల నీలి కాంతి నుంచి కళ్లను కాపాడతాయంటూ మూలికా సారాల మాత్రలు మందుల దుకాణాలలో విరివిగా అమ్ముడవుతున్నాయి. వాటిలో చాలావాటికి ఆధారం బంతిపువ్వు. ఆరబెట్టిన రేకుల నుంచి తీసే పసుపు వర్ణకమే లూటిన్. కోళ్ల దాణాలో కలిపినపుడు గుడ్డు పచ్చసొనకు నిండు రంగు తెచ్చేదీ ఇదే.

కంటితో దీని సంబంధం కల్పితం కాదు. రెటీనా నడిమి భాగమైన మాక్యులాలో లూటిన్, జియాక్సంథిన్ అనే వర్ణకాలు సహజంగానే ఉండి, లోపలికి వచ్చే నీలి కాంతిలో కొంత పీల్చుకొంటాయి. శరీరం వీటిని స్వయంగా తయారు చేసుకోలేదు. ఆహారం ద్వారానే అందాలి. ప్రకటనలలో ఇంతవరకు నిజమే.

అయితే తెర నుంచి వెలువడే నీలి కాంతి పగటి వెలుగులోని దానితో పోలిస్తే మిక్కిలి స్వల్పం. దానివల్ల రెటీనా దెబ్బతింటుందనడానికి తగిన ఆధారం లేదు. సాయంత్రానికి కళ్లు మండటానికి కారణం వేరు. తెరను చూసేటపుడు రెప్పపాటు తగ్గి కన్ను పొడిబారుతుంది. ఎడతెగని దగ్గరి చూపుతో కంటి కండరాలు అలసిపోతాయి. ప్రతి 20 నిమిషాలకు 20 అడుగుల దూరంలోని వస్తువును 20 సెకన్లు చూడటం ఇందుకు ఖర్చులేని ఉపాయం. అమెరికాలో 2013లో ఫలితాలు వెలువడిన ఒక పెద్ద పరిశోధనలో రోజుకు 10 మి.గ్రా. లూటిన్ ఇచ్చి పరీక్షించిన మాట వాస్తవమే కాని, ఆ పరీక్ష జరిగింది అప్పటికే మాక్యులా క్షీణత ఉన్న పెద్దవయసు వారిపైన.

లూటిన్ కావలసినవారికి ఆకుకూరలున్నాయి. పాలకూర, తోటకూర, మునగాకు ఏ ఊరి సంతలోనైనా దొరికేవే. కంటికి మేలని పెద్దలు వండిపెట్టే పొన్నగంటి కూరను బెంగళూరులో హొనగొన్నె సొప్పు అనీ, చెన్నైలో పొన్నాంగణ్ణి కీరై అనీ అడగాలి. లూటిన్ కొవ్వులో కరిగేది గనుక కాస్త నూనెతో వండితేనే ఒంటికి పడుతుంది.

ఆకు పసరు, పూల రసం, తేనె కంట్లో పోయరాదు. వాటిలోని సూక్ష్మక్రిములు నల్లగుడ్డుపై పుండుకు దారితీసి, చూపునే హరించవచ్చు. తిన్ననైన గీతలు వంకరగా కనిపించినా, చూపు నడుమ మచ్చ ఏర్పడినా, మెరుపులు తోచినా మాత్రలతో కాలయాపన చేయక వెంటనే నేత్రవైద్యుని వద్దకు వెళ్లాలి.